అవతలి గొంతు

బాబ్ న్యూహార్ట్ రికార్డు మొదటిసారి వినేవాళ్లకు ఒక చిత్రమైన సంగతి ఎదురవుతుంది. ఆయన ఒక మాట అంటాడు. ఆగుతాడు. కాసేపు ఏమీ వినపడదు. ఆ ఏమీ వినపడనిచోటే హాల్లో జనం పగలబడి నవ్వుతుంటారు. ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడన్నమాట. అవతలి మనిషి గొంతు రికార్డులో ఎక్కడా లేదు. అయినా ఆ మనిషి ఏమన్నాడో మనకు తెలిసిపోయింది. తెలిసిందని గ్రహించేలోపే నవ్వొచ్చేసింది.

1960లో వచ్చిన తొలి రికార్డు నుంచి, 2024 జులై 18న లాస్ ఏంజెలెస్‌లో 94 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా, ఆయన కళంతా ఆ ఖాళీ జాగా చుట్టూనే తిరిగింది. నేను ఆయన్ని ఇంతగా ఇష్టపడటానికి కారణం కూడా అదే. జోకు మొత్తం తానే చెప్పెయ్యాలన్న ఆత్రం ఆ మనిషికి లేదు. సగం చెప్పి మిగతా సగం మన చేతిలో పెట్టేవాడు. మనకు అందిందో లేదో అన్న అనుమానంతో వెనక్కి వచ్చి మళ్లీ విడమరిచేవాడు కాదు. వినేవాళ్లకు ఇంత మర్యాద ఇచ్చిన హాస్యగాళ్లు ఏ భాషలోనైనా తక్కువే.

అప్పటి అమెరికన్ టీవీ కామెడీ మహా సందడిగా ఉండేది. మిల్టన్ బెర్ల్ ఆడవేషం కట్టి వచ్చేవాడు. జాకీ గ్లీసన్ 'ది హనీమూనర్స్'లో పిడికిలి బిగించి ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. లూసిల్ బాల్ ఒంట్లో నవ్వించని అవయవం లేదు. ముగ్గురూ గొప్పవాళ్లే, ముగ్గురూ నాకు ఇష్టమే. కానీ వాళ్ల మధ్యలోకి ఒక గుమాస్తా లాంటి మనిషి, కాలరుకు గుండీలు పెట్టుకుని, కాస్త నత్తిగా, ఎవరినో విసిగిస్తున్నానేమో అన్నంత మొహమాటంగా మాట్లాడుతూ వచ్చి నిలబడ్డాడు. నిలబడటమే కాదు, ఆరు దశాబ్దాలు అక్కడే ఉన్నాడు.

గుమాస్తా లాంటి మనిషి అనడం అలంకారం కాదు, నిజంగానే గుమాస్తా. 1929 సెప్టెంబర్ 5న షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టాడు. అసలు పేరు జార్జ్ రాబర్ట్ న్యూహార్ట్. తండ్రి పేరూ జార్జే కావడంతో ఇంట్లో బాబ్ అయ్యాడు. 1952లో షికాగోలోని లయోలా యూనివర్సిటీలో వ్యాపార నిర్వహణ డిగ్రీ, తర్వాత రెండేళ్లు సైన్యం, ఆ పైన లా కాలేజీలో చేరి మధ్యలోనే బయటికి రావడం. చివరికి ఒక పెద్ద కంపెనీలో అకౌంటెంటుగా కుదురుకున్నాడు. అక్కడ చిల్లర ఖర్చుల డబ్బా ఆయన చేతిలో ఉండేది. సాయంత్రానికి రెండు మూడు డాలర్లు తక్కువొస్తే తన జేబులోంచి తీసి వేసేవాడట. ఎక్కువైతే జేబులో వేసుకునేవాడట. ఆ కాస్త తేడా కోసం గంటల తరబడి చిట్టాలు తిరగేయడం ఆయనకు అర్థం లేని పనిగా తోచేది. ఈ ముచ్చట ఆయనే జీవితమంతా చెప్పుకుని నవ్వించాడు. లెక్కల పుస్తకంలో ఉజ్జాయింపుతో సరిపెట్టుకున్న మనిషి, మాటకూ మాటకూ మధ్య వదలాల్సిన మౌనం దగ్గర మాత్రం అర సెకను కూడా అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. ఈ తేడా నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

తర్వాత 1958లో షికాగోలోనే ప్రకటనల చిత్రాలు తీసే ఒక సంస్థలో కాపీ రైటర్‌గా చేరాడు. అక్కడ ఎడ్ గాలఘర్ అనే సహోద్యోగి దొరికాడు. ఇద్దరికీ పని విసుగు. ఒకరికొకరు ఫోన్ చేసుకుని లేనిపోని వేషాలు కట్టి, అడ్డమైన కథలు అల్లుకుని నవ్వుకునేవాళ్లు. ఆ సంభాషణల్ని టేపు మీద రికార్డు చేసి రేడియో స్టేషన్లకు పంపారు కూడా. పెద్దగా గిట్టుబాటు కాలేదు. గాలఘర్‌కు న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు.

నా దృష్టిలో న్యూహార్ట్ కథ మొత్తానికి కీలకం ఈ ఘట్టమే. జత విడిపోయింది. ఇంకో జతగాణ్ణి వెతుక్కోవచ్చు. రెండు గొంతులూ తానే మార్చి మార్చి పలకొచ్చు. మన ఏకపాత్రాభినయాల్లో లాగా అవతలివాడి మాటను పూర్తిగా తిరిగి ఉచ్చరించి ఆ పైన జవాబు చెప్పొచ్చు. న్యూహార్ట్ ఇవేవీ చెయ్యలేదు. వెళ్లిపోయిన మనిషి కుర్చీని అలాగే ఖాళీగా ఉంచాడు. ఆ కుర్చీలో వినేవాణ్ణి కూర్చోబెట్టాడు.

ఫోను సంభాషణతో నవ్వించడం ఆయన కనిపెట్టిన విద్యేమీ కాదు. ఎప్పుడో 1913లోనే జో హేమన్ 'కోహెన్ ఆన్ ది టెలిఫోన్' అనే గ్రామఫోన్ రికార్డు ఇచ్చాడు. జార్జ్ జెసెల్ తల్లికి ఫోన్ చేస్తున్నట్టు చేసే అంశం వాడెవిల్ అనే పాతకాలపు రంగస్థల వినోదాల రోజుల నుంచీ ప్రసిద్ధం. న్యూహార్ట్ కన్నా కాస్త ముందే షెల్లీ బెర్మన్ స్టూలు మీద కూర్చుని, చేతినే ఫోనుగా చెవికి ఆనించుకుని అద్భుతాలు చేశాడు. 1959 రికార్డు 'ఇన్‌సైడ్ షెల్లీ బెర్మన్'కు గ్రామీ కూడా వచ్చింది. తన పద్ధతిని న్యూహార్ట్ ఎత్తుకెళ్లాడన్న బాధ బెర్మన్‌కు చివరిదాకా పోలేదు. బెర్మన్ గొప్ప నటుడు. ఆయన ఫోను పట్టుకుంటే ఒక మనిషి నరాలు తెగిపోవడం మనం దగ్గర్నుంచి చూస్తాం. కానీ బెర్మన్ రికార్డు వింటుంటే నా ధ్యాసంతా బెర్మన్ మీదే ఉంటుంది. న్యూహార్ట్ రికార్డు వింటుంటే ధ్యాస అవతలి మనిషి మీదికి పోతుంది. పనిముట్టు ఒకటే, చేసిన పని వేరు. అందుకే దొంగతనం అన్న మాట నాకు ఒప్పుదలగా లేదు.

మనకు ఇది బాగా తెలిసిన అనుభవమే. రైలు పెట్టెలో ఎదుటి బెర్తు పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతుంటాడు. 'ఆ... ఆ... ఎప్పుడూ?... మరి వాళ్ల నాన్నకు తెలుసా?... అయ్యో!' అంతే. ఆ నాలుగు ముక్కలకే మనం ఒక ఇల్లు కట్టేస్తాం. అందులో ఒక కూతురు, ఒక పెళ్లి సంబంధం, ఒక మొండి తండ్రి. పుస్తకం ఒళ్లో తెరిచే ఉంటుంది, ఒక్క పేజీ తిరగదు. రెండు వైపులా వినపడితే అంత శ్రద్ధగా వినం. ఇప్పుడు అందరూ స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతున్నారు, రెండు గొంతులూ పెట్టెంతా మోగుతున్నాయి, ఎవరికీ దేనిమీదా ఆసక్తి లేదు.

షికాగో రేడియోలో డాన్ సార్కిన్ అనే డిస్క్ జాకీ ఉండేవాడు. న్యూహార్ట్ టేపుల్ని వార్నర్ బ్రదర్స్ రికార్డ్స్ వాళ్లకు అందేలా చేసింది ఆయనే. 1958లో పుట్టి, నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతున్న కంపెనీ అది. టేపులు వాళ్లకు నచ్చాయి. మీ తర్వాతి నైట్‌క్లబ్ కార్యక్రమం ఎక్కడో చెప్పండి, వచ్చి రికార్డు చేసుకుంటాం అన్నారు. చిక్కేమిటంటే న్యూహార్ట్ అప్పటిదాకా ఏ నైట్‌క్లబ్‌లోనూ వేదిక ఎక్కలేదు. కాబట్టి ముందు ఒక క్లబ్బును వెతకాల్సి వచ్చింది. టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లోని టైడ్‌లాండ్స్ మోటర్ ఇన్ ఒప్పుకుంది. 1960 ఫిబ్రవరిలో రికార్డింగు. మొదటి రాత్రి దగ్గరున్న సరుకంతా అయిపోయింది, జనం చప్పట్లు ఆపలేదు, నిర్వాహకుడు మళ్లీ లోపలికి తోశాడు. ఇందాక చెప్పినవాటిలో మళ్లీ ఏది వింటారు అని ప్రేక్షకుల్నే అడిగానని న్యూహార్ట్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ ఏప్రిల్‌లో 'ది బటన్-డౌన్ మైండ్ ఆఫ్ బాబ్ న్యూహార్ట్' విడుదలైంది. పాట లేదు, వాద్యం లేదు. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన మొట్టమొదటి హాస్య రికార్డు అదే. 14 వారాలు అక్కడే కూర్చుంది. ఆ ఏడాదే 'ది బటన్-డౌన్ మైండ్ స్ట్రైక్స్ బ్యాక్' వచ్చింది. ఒక దశలో మొదటి రెండు స్థానాలూ ఈయనవే.  గ్రామీల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ బహుమతికి పోటీలో ఫ్రాంక్ సినాత్రా, నాట్ కింగ్ కోల్, హ్యారీ బెలఫాంటే ఉన్నారు. రష్యన్ పియానో విద్వాంసుడు స్వ్యతోస్లావ్ రిక్టర్ వాయించిన బ్రామ్స్ కచేరీ కూడా ఉంది. బహుమతి మాటల రికార్డుకు వచ్చింది. ఉత్తమ నూతన కళాకారుడి గ్రామీ కూడా ఆయనకే. వార్నర్ కంపెనీ గట్టెక్కింది.

ఎల్పీ రికార్డు అంటే కేవలం చెవుల వ్యవహారం అని గుర్తుంచుకోవాలి. స్నేహితులు ఎవరింట్లోనో చేరి, సూది పెట్టి, చుట్టూ కూర్చుని విన్నారు. చూడ్డానికేమీ లేదు. బొమ్మ మొత్తం వినేవాడే వేసుకోవాలి. న్యూహార్ట్ విద్య ఆ వస్తువుకు సరిగ్గా అతికింది.

ఒక్క అంశాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనంలో ఒక రాత్రి కాపలాదారు. ఉద్యోగంలో మొదటి రాత్రి. అది కింగ్ కాంగ్ ఆ భవనం ఎక్కిన రాత్రి కూడా. కాపలాదారు పై అధికారికి ఇంటికి ఫోన్ చేస్తాడు. ముందు, వేళకాని వేళ నిద్ర లేపినందుకు క్షమాపణ. కాపలాదారుల నిబంధనల పుస్తకంలో లేని సమస్యొకటి వచ్చిందని మనవి. పుస్తకం వెనక అకారాది పట్టికలో కోతుల కింద, కోతి కాలివేళ్ల కింద కూడా వెతికాడట, ఏమీ లేదట. ఇక్కడ ఒక మౌనం. కోతి ఎంత పొడవుందని అధికారి అడిగాడని మనకు అర్థమవుతుంది. 18 అంతస్తులో 19 అంతస్తులో అంటాడు, ఈ భవనానికి 13వ అంతస్తు ఉందో లేదో దాన్నిబట్టి ఉంటుందని. అమెరికాలో అశుభమని చాలా భవనాలకు 13వ నంబరు వేయరు కదా. అదీ విషయం.

గమనించండి, ఇక్కడ అరుపు లేదు. రాక్షసకోతిని చూసి కేకలు పెట్టడం ఏ నటుడైనా చేస్తాడు. ఈ మనిషికి భయం లేదని కాదు, ఉద్యోగ భయం అంతకన్నా పెద్దది. మొదటి రోజే తప్పుడు లెక్క చెప్పానన్న మాట రాకూడదు. ఆ ఒక్క జవాబులో కొత్త ఉద్యోగి బిక్కుబిక్కుమనే మనసంతా ఉంది. అవతలి అధికారి నిద్ర మొహం, చిరాకు, ఇతను తాగాడేమోనన్న అనుమానం కూడా ఉన్నాయి. వాటిని న్యూహార్ట్ ఎక్కడా పలకలేదు. మనమే వేసుకున్నాం.

ఆ కాలర్ గుండీలకు కూడా అర్థముంది. బటన్-డౌన్ చొక్కా ఆనాటి అమెరికన్ ఆఫీసుల యూనిఫారం లాంటిది. యుద్ధం తర్వాత పెద్ద కంపెనీలు పెరిగాయి, వాటిలో లక్షల మంది ఒకే రకం చొక్కాలేసుకుని ఒకే రకం మాటలు మాట్లాడుతున్నారు. న్యూహార్ట్ ఆ మాటల మధ్య కొన్నేళ్లు బతికినవాడు. తొలి రికార్డులో మొదటి అంశంలోనే ఒక ప్రచార నిపుణుడు అబ్రహాం లింకన్‌కు ఫోన్ చేస్తాడు, గెటిస్‌బర్గ్ ప్రసంగానికి ముందు. లింకన్ గడ్డం తీసేస్తానంటున్నాడు, ప్రసంగంలో తన ఇష్టానికి మాటలు మారుస్తానంటున్నాడు. నిపుణుడు బతిమాలుతుంటాడు. ఆ గడ్డం, ఆ కవరు వెనక రాసినట్టున్న ప్రసంగం, అన్నీ ఎవరో కూర్చుని తయారుచేసిన సరుకే అన్నది ఊహ. ఆ రికార్డు వచ్చిన ఏడాది సెప్టెంబర్‌లోనే షికాగో టీవీ స్టూడియోలో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న కెనెడీ, నిక్సన్ ఎదురుబొదురుగా నిలబడి చర్చించారు. ఎవరి ముఖం బాగుంది, ఎవరికి చెమట పట్టింది అన్నదాని మీద దేశం మాట్లాడుకుంది. ఇప్పుడు మన దగ్గర ఎన్నికల వ్యూహకర్తలు నాయకుడి పాదయాత్ర చెప్పుల దాకా నిర్ణయిస్తున్నారు. ఆ అంశం పాతబడే ప్రసక్తే లేదు.

అదే కాలంలో వాన్ మీడర్ అనే యువకుడు కెనెడీ గొంతును అచ్చంగా అనుకరించి 1962లో 'ది ఫస్ట్ ఫ్యామిలీ' అనే రికార్డు చేశాడు. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అదీ ఉత్తమ ఆల్బమ్ గ్రామీ గెలిచింది. 1963 నవంబర్‌లో డల్లాస్‌లో కెనెడీ హత్య జరిగింది. దుకాణాల్లోంచి రికార్డును తీసేశారు. ఆ గొంతు ఇక ఎవరూ వినదలుచుకోలేదు. పాపం, మీడర్ ఎన్ని ప్రయత్నాలు చేసినా మళ్లీ లేవలేకపోయాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కానీ అతని నవ్వు ఒక మనిషి గొంతుకు కట్టుబడి ఉంది. న్యూహార్ట్ ఎవరి గొంతునూ అరువు తెచ్చుకోలేదు కాబట్టి ఎవరితోనూ పోలేదు.

టీవీలో మాత్రం మొదటి అడుగు తడబడింది. 1961లో ఎన్‌బీసీలో వచ్చిన కార్యక్రమానికి ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ వచ్చాయి, కానీ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. టీవీ అంటే కళ్లు. అవతలి మనిషి అక్కడ కనపడతాడు, గొంతు వినపడుతుంది. మరి ఖాళీ జాగా ఎక్కడ? జవాబు దొరకడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1972లో సీబీఎస్‌లో మొదలైన 'ది బాబ్ న్యూహార్ట్ షో'లో ఆయన్ని షికాగోలో మానసిక వైద్యం చేసే సైకాలజిస్టు డాక్టర్ రాబర్ట్ హార్ట్‌లీని చేశారు. వినడమే వృత్తి అయిన మనిషి! ఎవరికి ఈ ఆలోచన తట్టిందో గానీ బంగారు ఆలోచన. రోగులు వచ్చి తమ గోడు వెళ్లబోసుకుంటారు. కెమెరా హార్ట్‌లీ ముఖం మీద నిలుస్తుంది. కనురెప్పలు ఒకటి రెండుసార్లు ఆడతాయి. ఫోన్లో ఆయన మాటలు విని అవతలి మాటల్ని మనం ఊహించుకున్నాం. ఇక్కడ అవతలి మాటలు విని ఆయన మనసులో మాటను ఊహించుకుంటాం. ఖాళీ జాగా ఈసారి ఆయన ముఖంలోకి మారింది.

భార్య ఎమిలీగా సుజాన్ ప్లెషెట్ చేసింది. ఆమెది నిండైన గొంతు, చురుకైన బుద్ధి. భర్త మాట కోసం తడుముకుంటుంటే అందించకుండా ఆగే ఓర్పు. ఆ దంపతులకు పిల్లలుండకూడదని న్యూహార్ట్ ముందే షరతు పెట్టాడు. తెలివిగల పిల్లలు, తెలివితక్కువ తండ్రి అనే అరిగిపోయిన సిట్‌కామ్ దారి తనకు వద్దన్నాడు. కొన్నేళ్ల తర్వాత రచయితలు ఎమిలీ గర్భవతి అయినట్టు ఒక స్క్రిప్టు రాసి పంపారు. చాలా బాగుంది, మరి బాబ్ పాత్ర ఎవరితో వేయిస్తున్నారు అని అడిగాడట. ఆ స్క్రిప్టు అక్కడితో ముగిసింది. నత్తి సంగతి కూడా ఇలాంటిదే. ఎపిసోడ్ నిడివి పెరుగుతోంది, ఆ తడబాటు కాస్త తగ్గించమని ఒక నిర్మాత కోరితే, బెవర్లీ హిల్స్‌లో ఇల్లు కొనిపెట్టింది ఆ నత్తే అని జవాబిచ్చాడు. ఆ తడబాటులోనే మనం ముందుకు ఉరికి మాట పూర్తి చేస్తాం. దాన్ని కత్తిరిస్తే మనకు పనుండదు.

ఆ షో 1978 దాకా నడిచింది. తర్వాత 1982లో 'న్యూహార్ట్'. ఇందులో డిక్ లౌడన్ అనే రచయితగా భార్యతో కలిసి వెర్మాంట్ పల్లెలో పాత సత్రం నడుపుతాడు. ఊరంతా వింత మనుషులు. వాళ్లలో లారీ అనే ఒకడు ఎప్పుడొచ్చినా తన ఇద్దరు తమ్ముళ్లను పరిచయం చేస్తాడు. ఇద్దరి పేరూ డారిలే. ఆ ఇద్దరు డారిల్‌లూ ఎనిమిది సీజన్లు నోరు విప్పరు. ఆఖరి ఎపిసోడ్‌లో మొదటిసారి మాట్లాడతారు, వాగుతున్న తమ భార్యల్ని నోరు మూయమని అరవడానికి.

ఆ ఆఖరి ఎపిసోడ్ గురించి రాయకుండా న్యూహార్ట్ గురించి రాయలేం. 1990 మే 21. గోల్ఫ్ బంతి తగిలి డిక్ లౌడన్ స్పృహ తప్పుతాడు. తెర చీకటి. తర్వాత ఒక పడకగది, చీకట్లో మంచం. దీపం వెలిగేలోపే స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకులు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ గది వాళ్లకు తెలుసు. పన్నెండేళ్ల కిందట ముగిసిపోయిన పాత షోలో హార్ట్‌లీ దంపతుల పడకగది అది. న్యూహార్ట్ లేచి, పక్కనున్న మనిషిని లేపి, వింత కల వచ్చిందంటాడు. పక్కనున్నది ఎమిలీ, అంటే సుజాన్ ప్లెషెట్. ఎనిమిదేళ్ల వెర్మాంట్ అంతా డాక్టర్ హార్ట్‌లీకి ఒక రాత్రి వచ్చిన కల. ఈ ఆలోచన ఇచ్చింది తన భార్య జిన్నీయేనని న్యూహార్ట్ చెప్పేవాడు. 1963లో పెళ్లాడిన జిన్నీ 2023లో పోయేదాకా ఆయనతోనే ఉంది. అమెరికన్ టీవీలో ఇంతకన్నా మంచి ముగింపు లేదని చాలామంది అంటారు, నేనూ అంటాను. ఎందుకంటే ఆ దృశ్యంలో సగం తెర మీద లేదు. చూసేవాళ్ల జ్ఞాపకంలో ఉంది. గదిని గుర్తుపట్టని వాడికి ఆ దృశ్యంలో ఒక మంచం, ఇద్దరు మనుషులు, అంతే. 1960లో ఫోను అవతల ఖాళీగా వదిలిన కుర్చీకి ఇది పెద్ద రూపం.

తర్వాతి ముప్ఫై ఏళ్లలో రెండు సీరియళ్లు అంతగా నిలవలేదు. 2002లో హాస్యానికిచ్చే మార్క్ ట్వైన్ పురస్కారం, 2003లో 'ఎల్ఫ్' సినిమా వచ్చాయి. తొలి రికార్డును 2006లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. మనవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా అమెరికా వెళ్లిన ఇంజినీర్లకు, ఇక్కడ హైదరాబాద్ ఐటీ కుర్రాళ్లకు ఆయన 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో ప్రొఫెసర్ ప్రోటాన్‌గానే తెలుసు. ఆ పాత్రకే 2013లో, 84వ ఏట, ఆయనకు నటుడిగా మొట్టమొదటి ఎమ్మీ వచ్చింది. ఇంత ఆలస్యమా అని కోపం వస్తుంది. ఊరికే ఉన్నట్టు కనపడే నటుడి శ్రమ కమిటీలకు కనపడదు.

ఆయన పనిలో నాకు రుచించనివీ ఉన్నాయి. 'డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్' అంశం నిర్మాణం అద్భుతం. మొదటి గురువు కారులోంచి దూకినప్పుడు వేగం ఎంతని అడగడం, జవాబు విని, అది జరిగింది మీ ఇంటి ముందు వాకిలి దారిలోనా అని తెల్లబోవడం ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది. కానీ నడిపేది ఆడమనిషి కాబట్టి కారు గోడెక్కుతుందన్న ఆనాటి చవక నమ్మకం మీద అది నిలబడింది. గొంతు వినపడని మనిషి స్త్రీ అయినప్పుడు ఆ మౌనం వేరేగా తగులుతుంది. అలాగే వీధుల్లో పౌరహక్కుల పోరాటం, వియత్నాం యుద్ధం దేశాన్ని కుదిపేస్తున్న రోజుల్లో ఆయన రికార్డుల్లో వాటి వేడి తగలదు. వేదిక మీద అన్న మాటలకే లెనీ బ్రూస్ అనే హాస్యగాడు అరెస్టయిన కాలమది. న్యూహార్ట్ ఎంచుకున్న లోకం చిన్నది, ఆఫీసు గది అంత. ఆ లోకంలో మాత్రం ఆయన చూడని మూల లేదు.

కొత్తగా వినేవాళ్లకు ఒక్క మాట. ఫోన్లో వింటూ వేగం పెంచకండి. ఇప్పుడు అందరికీ ఒకటిన్నర రెట్ల వేగం అలవాటైంది. మిగతావి ఏమోగానీ న్యూహార్ట్ అలా బతకడు. మౌనాలు కుదించుకుపోతే అవతలి మనిషికి మాట్లాడే వ్యవధే ఉండదు. తెలుగువాళ్లైతే బేస్‌బాల్ అంశాల జోలికి మొదట్లోనే పోకుండా సర్ వాల్టర్ రాలీ ఫోనుతో మొదలుపెట్టమంటాను. వర్జీనియా నుంచి రాలీ ఇంగ్లండుకు ఓడ నిండా పొగాకు పంపి, లండన్‌లోని కంపెనీ పెద్దకు దాని ఉపయోగాలు ఫోన్లో వివరిస్తుంటాడు. చరిత్రలో రాలీ వర్జీనియా నేల మీద కాలు పెట్టలేదు, అది వేరే సంగతి. మనకు వినపడేది లండన్ పెద్ద గొంతు మాత్రమే. ఆకుని ఏం చేస్తారో ఒక్కొక్కటీ వింటూ, నమ్మలేక, నవ్వాపుకోలేక అవస్థ పడుతుంటాడు.

మాది ఒంగోలు వైపు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ వర్జీనియా ఆకే తిండి పెట్టింది. పొలం గట్టున ఆకును వేడికి ఆరబెట్టే పొగాకు బ్యారన్, ఇంటి ముందు గ్రేడింగ్ చేస్తున్న ఆడవాళ్లు, వేలం కేంద్రంలో బేళ్లు, గుంటూరులో పొగాకు బోర్డు. బేలు ముందు నిలబడి వ్యాపారులెవరూ ధర పాడకపోతే దాన్ని 'నోబిడ్' అంటారు. రైతుకు అంతకన్నా చెడ్డ మాట లేదు. మా పెదనాన్న జీవితమంతా ఆ పంటే వేశాడు. ఒక సంక్రాంతికి ఆయనకు ఈ అంశం వినిపించాను. ఇంగ్లీషు ఆయనకు రాదు. లండన్ దొర ఒక్కో మాట అనగానే రికార్డు ఆపి తెలుగులో చెప్పాను.

'ఓడ నిండా ఆకులా అని అడుగుతున్నాడు పెదనాన్నా.'

'ఆకులంటే ఉత్త ఆకులు కాదని చెప్పమను' అన్నాడు ఆయన. నేను ఆగాను. అది రాలీ చెప్పాల్సిన మాట.

'చిటికెడు తీసి ముక్కులో పెట్టుకుంటే ఏమవుద్దని అడుగుతున్నాడు.'

'తుమ్ములొస్తాయి. నశ్యం అంటే తెలవదా దొరకి?'

'కాయితంలో చుట్టి, నోట్లో పెట్టుకుని, తర్వాత ఏం చేస్తావంటున్నాడు.'

పెదనాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. 'ఏం చేస్తారు, అంటిస్తారు. పచ్చాకు పంపిచ్చాడేమో ఆ రాలీ. బ్యారన్‌లో పెట్టి తీసిన ఆకేనా? అది ముందు చెప్పాలిగా, లేకపోతే వాడికెట్టా అర్థమవుద్ది?'

దాదాపు రాలీ మాటలన్నీ ఆయనే చెప్పేశాడు. రికార్డు అయిపోయింది. దొర నవ్వుతూ ఫోన్ పెట్టేశాడని చెప్పాను.

'కొనలా?'

'కొన్నట్టు లేడు పెదనాన్నా.'

'అయితే నోబిడ్డే' అన్నాడు, తోటి రైతు గురించి అన్నట్టు. 'మళ్లీ ఒకసారి పెట్టరా, ముందునించీ.'